రెండు ఆటల్లో బలం తేలుతుందా? చెస్ ప్రపంచ కప్‌పై పాతికేళ్ల వాదం

చెస్‌లో ప్రపంచ కప్ గెలిచిన ఆటగాడు ప్రపంచ చాంపియన్ కాడు. క్రికెట్, ఫుట్‌బాల్ చూసి పెరిగిన మనకు ఈ మాట వింతగా తోస్తుంది. కానీ పాతికేళ్లుగా చెస్ లోకంలో సాగుతున్న పెద్ద వాదానికి మూలం ఇక్కడే ఉంది. ఇప్పుడు 206 మంది ఆడే ఈ నాకౌట్ పోటీలో నెగ్గినవారికి ట్రోఫీ, డబ్బు దక్కుతాయి. వాటికి మించి, చాంపియన్‌ను సవాలు చేసేదెవరో తేల్చే కాండిడేట్స్ టోర్నీలో చోటు దక్కుతుంది. అంత విలువైన చోటును రెండేసి ఆటల పోరులో పంచడం న్యాయమేనా?

నవంబర్ 2025లో గోవాలో ముగిసిన ప్రపంచ కప్ ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. ప్రపంచ చాంపియన్ గుకేశ్ మూడో రౌండ్‌లోనే జర్మనీ ఆటగాడు ఫ్రెడరిక్ స్వానే చేతిలో ఓడారు. వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి క్వార్టర్ ఫైనల్లో చైనా ఆటగాడు వెయ్ యి చేతిలో ఆగిపోయారు. 19 ఏళ్ల ఉజ్బెకిస్తాన్ కుర్రాడు జవోఖిర్ సిందారోవ్ ఫైనల్లో వెయ్ యిని టైబ్రేక్‌లో ఓడించి, ఈ కప్ గెలిచిన వారందరిలోకీ పిన్న వయస్కుడయ్యారు. కొందరికి ఇది యువశక్తి గెలుపు. మరికొందరికి ఇది పద్ధతిలోని లోపానికి మరో రుజువు. రెండు వైపుల మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంత మేరకు ఉందో చూడాలంటే చరిత్రలోకి వెళ్లాలి. ఆ చరిత్రలో హైదరాబాద్‌కూ ఒక పుట ఉంది.

కిరీటం చీలిన కాలం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1948 నుంచి ప్రపంచ చాంపియన్‌ను నిర్ణయించే బాధ్యత అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే తీసుకుంది. జోనల్, ఇంటర్‌జోనల్, కాండిడేట్స్ అని మెట్లు కట్టింది. అన్నీ ఎక్కినవారు చాంపియన్‌తో సుదీర్ఘ మ్యాచ్ ఆడేవారు. ఈ ఏర్పాటు మీదా ఫిర్యాదులు వచ్చాయి. 1962లో కురసావ్ దీవిలో అందరూ అందరితో ఆడే పద్ధతిలో జరిగిన కాండిడేట్స్‌లో సోవియట్ ఆటగాళ్లు తమలో తాము మాట్లాడుకుని డ్రాలు చేసుకుంటున్నారని బాబీ ఫిషర్ ఆరోపించారు. ఆ తర్వాత ఫిడే కాండిడేట్స్‌ను ముఖాముఖి మ్యాచ్‌లకు మార్చింది. అంటే పోటీ పద్ధతి మీద గొడవ నాకౌట్‌తో మొదలైంది కాదు.

1993లో చాంపియన్ గారీ కాస్పరోవ్, చాలెంజర్ నైజెల్ షార్ట్ ఫిడేను కాదని విడిగా మ్యాచ్ ఆడారు. కిరీటం రెండుగా చీలింది. తన వైపు కిరీటానికి జనాదరణ తేవాలని ఫిడే ఒక సాహసం చేసింది. టెన్నిస్ తరహాలో పెద్ద నాకౌట్ పెట్టి, అందులో మిగిలినవారినే చాంపియన్‌గా ప్రకటించడం మొదలుపెట్టింది.

మొదటి ప్రయోగంలోనే పెద్ద తేడా బయటపడింది. 1997 చివర్లో గ్రోనింగెన్‌లో రౌండ్ల మీద రౌండ్లు ఆడి గెలిచిన విశ్వనాథన్ ఆనంద్, సరైన విశ్రాంతి లేకుండా లోజాన్ వెళ్లి అనతోలీ కార్పోవ్‌తో ఫైనల్ ఆడాల్సి వచ్చింది. కార్పోవ్‌కు నేరుగా ఫైనల్లో చోటిచ్చారు. ఆరు ఆటల తర్వాత స్కోరు 3-3. తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్ ఆటల్లో కార్పోవ్ నెగ్గారు. ఆ తర్వాత 1999లో లాస్ వెగాస్‌లో అలెగ్జాండర్ ఖలీఫ్‌మన్, 2000లో న్యూఢిల్లీ, టెహ్రాన్‌లలో ఆనంద్, 2002 ఆరంభంలో మాస్కోలో 18 ఏళ్ల రుస్లాన్ పొనమారియోవ్, 2004లో ట్రిపోలీలో రుస్తమ్ కాసిమ్‌జానోవ్ ఇదే దారిలో ఫిడే చాంపియన్లయ్యారు. వీరిలో ఆనంద్‌ను మినహాయిస్తే మిగిలినవారిని ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా బలమైన ఆటగాడిగా ఎక్కువమంది అంగీకరించలేదు. నాకౌట్ అంటే అదృష్టం అనే ముద్ర పడింది ఈ కాలంలోనే. 2005లో శాన్ లూయిస్‌లో ఫిడే మళ్లీ అందరూ అందరితో ఆడే రౌండ్ రాబిన్‌కు మళ్లింది. 2006లో ఎలిస్తాలో రెండు వైపుల చాంపియన్లు క్రామ్నిక్, టోపలోవ్ ఆడిన మ్యాచ్‌తో కిరీటం తిరిగి ఒక్కటైంది.

షెన్యాంగ్, హైదరాబాద్: వేరే దారి పట్టిన రెండు కప్‌లు

ప్రపంచ కప్ పేరుతో ఫిడే నాకౌట్ చాంపియన్‌షిప్‌కు పక్కన మరో పోటీ పెట్టింది 2000లో, చైనాలోని షెన్యాంగ్‌లో. రెండోది అక్టోబర్ 2002లో హైదరాబాద్‌లో. ఈ రెండింటి పద్ధతి నేటి కప్‌కు పూర్తిగా భిన్నం. ఆడినవారు 24 మంది. ఆరుగురేసి చొప్పున నాలుగు గ్రూపులు. గ్రూపులో అందరూ అందరితో ఆడాక పైనున్న ఇద్దరేసి క్వార్టర్ ఫైనల్ చేరతారు. అక్కడి నుంచి నాకౌట్. ఒక్క ఆట పోయినంత మాత్రాన మొదటి రోజుల్లోనే మూట కట్టుకుని వెళ్లాల్సిన అవసరం లేదు. కోలుకోవడానికి ఆటలు మిగిలి ఉంటాయి.

రెండు కప్‌లూ ఆనంద్‌వే. షెన్యాంగ్ ఫైనల్లో యెవ్‌గెనీ బరీవ్‌ను, హైదరాబాద్ ఫైనల్లో కాసిమ్‌జానోవ్‌ను ఓడించారు. హైదరాబాద్ గెలుపు ఆయనకు మంచి సమయంలో దక్కింది. అంతకు ముందు మాస్కో నాకౌట్ సెమీఫైనల్లో వాసిలీ ఇవాన్‌చుక్ చేతిలో ఓడి ఫిడే కిరీటం పోగొట్టుకున్నారు. ఇక్కడ ఓడిన కాసిమ్‌జానోవ్ రెండేళ్లు తిరక్కముందే ట్రిపోలీలో ఫిడే చాంపియన్ అయ్యారు. తర్వాతి కాలంలో ప్రపంచ మ్యాచ్‌లకు ఆనంద్‌ను సిద్ధం చేసిన బృందంలో ఒకరయ్యారు.

హైదరాబాద్ కప్‌కు ఉన్న పరిమితినీ గుర్తించాలి. కాస్పరోవ్, క్రామ్నిక్ అందులో ఆడలేదు. అదే ఏడాది మేలో ప్రేగ్‌లో కిరీటాన్ని ఒక్కటి చేయాలని ఒప్పందం కుదిరినా, చీలిక అప్పటికి మానలేదు. పైగా ఆ కప్‌కు ప్రపంచ చాంపియన్‌షిప్‌తో గట్టి ముడి లేదు. గెలిస్తే గౌరవం, బహుమతి. తర్వాతి మెట్టు లేదు. కాబట్టి ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది అసలైన ఒత్తిడిలో పరీక్షకు నిలవలేదు.

అయినా తెలుగు నేలకు ఆ కాలం ముఖ్యమైనదే. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. కోనేరు హంపి 2002లో 15 ఏళ్ల ఒక నెల 27 రోజుల వయసులో ఆ హోదా సాధించి, మహిళల్లో జూడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును చెరిపేశారు. ప్రపంచ స్థాయి చెస్‌కు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చేనాటికి ప్రపంచ స్థాయికి ఎదిగే తెలుగు ఆటగాళ్లు అప్పటికే సిద్ధమయ్యారు. ఆ తర్వాత ప్రపంచ కప్ భారత్‌కు మళ్లీ రావడానికి 23 ఏళ్లు పట్టింది. గోవాలో విజేతకిచ్చిన ట్రోఫీకి విశ్వనాథన్ ఆనంద్ పేరే పెట్టారు.

128 మంది నుంచి 206 మందికి

2005లో ఖాంతీ-మాన్సిస్క్‌లో కప్ కొత్త రూపం ఎత్తింది. 128 మంది, ఏడు రౌండ్లు, పూర్తి నాకౌట్. ప్రతి రౌండ్‌లో ఎక్కువ సమయమిచ్చే క్లాసికల్ ఆటలు రెండు. సమమైతే మర్నాడు ర్యాపిడ్, అప్పటికీ తేలకపోతే ఇంకా వేగమైన బ్లిట్జ్. ఫైనల్‌కు మాత్రం నాలుగు క్లాసికల్ ఆటలు కేటాయించారు. అన్నిటికంటే ముఖ్యం, ఈ కప్‌ను ప్రపంచ చాంపియన్‌షిప్ మెట్లలో ఒకటిగా చేశారు.

2021లో సోచీలో మరో మార్పు. ఆటగాళ్లు 206 మంది, రౌండ్లు ఎనిమిది. అగ్ర సీడ్లు 50 మందికి మొదటి రౌండ్ మినహాయింపు. చిన్న దేశాల సమాఖ్యలకూ చోట్లు దక్కేలా అర్హత నియమాలు మారాయి. అదే సమయంలో ఫైనల్ రెండు క్లాసికల్ ఆటలకు కుదించుకుపోయింది. మొదట్లో వెడల్పు పెరిగింది, చివర్లో పొడవు తగ్గింది. నేటి వాదంలో సగం ఈ రెండు మార్పుల చుట్టూనే తిరుగుతోంది.

కప్ విలువ కూడా స్థిరంగా లేదు. 2007లో గెలిచిన గాటా కామ్‌స్కీకి టోపలోవ్‌తో చాలెంజర్ మ్యాచ్ దక్కింది. 2009 విజేతకు కాండిడేట్స్‌లో చోటు. 2011లో మొదటి ముగ్గురికి. 2013 నుంచి 2021 వరకు ఫైనల్ చేరిన ఇద్దరికి. 2023, 2025లలో మళ్లీ ముగ్గురికి. ఒకే కప్‌కు ఒక్కో కాలంలో ఒక్కో వెల కట్టారు.

వాదాలు మూడు

మొదటి వాదం నాకౌట్‌ను సమర్థించేది. పుట్టిన దేశం, పూర్వ ఖ్యాతి, నిర్వాహకుల పరిచయాలు ఇవేవీ బోర్డు ముందు పనిచేయవని ఈ పక్షం అంటుంది. పెద్ద ఆటగాళ్లను మాత్రమే పిలిచే టోర్నీల్లో చోటు దొరకని కుర్రాడికి ఇదొక్కటే తెరిచిన తలుపు. ఓడితే ఇంటికే కనుక ముందే మాట్లాడుకుని డ్రాలు చేసుకోవడంలో లాభం లేదు. కురసావ్ నాటి జబ్బుకు ఇది మందు. ప్రేక్షకులకూ ప్రతి రోజూ ఉత్కంఠే. మాగ్నస్ కార్ల్‌సన్ చాంపియన్‌గా ఉన్న రోజుల్లో ప్రపంచ కిరీటాన్నే నాకౌట్‌తో నిర్ణయిస్తే మేలని సూచించారంటే ఈ పక్షం బలం అర్థమవుతుంది.

రెండో వాదం దీనికి ఎదురు. క్లాసికల్ చెస్‌లో సమ ఉజ్జీల మధ్య ఎక్కువ ఆటలు డ్రా అవుతాయి. రెండు ఆటల్లో తేడా కనిపించడం కష్టం. కాబట్టి క్లాసికల్ పోటీకి అర్హులు ఎవరన్నది చివరకు ర్యాపిడ్, బ్లిట్జ్ తేలుస్తున్నాయి. ఓ చెడ్డ రోజు, ఓ జలుబు, ఓ తొందరపాటు ఎత్తు రెండేళ్ల కష్టాన్ని తుడిచేస్తాయి. 2017లో కార్ల్‌సన్ అంతటివారే మూడో రౌండ్‌లో బు షియాంగ్‌జీ చేతిలో ఓడి వెళ్లిపోయారు. 2023లో 69వ సీడ్ నిజాత్ అబాసోవ్ నాలుగో స్థానంలో నిలిచి, విజేత కార్ల్‌సన్ కాండిడేట్స్ వద్దనడంతో ఆ చోటు పొందారు. టొరంటో కాండిడేట్స్‌లో ఆయన చివరి స్థానంలో మిగిలారు. దారి తప్పుడు మనిషిని పంపిందనడానికి ఈ పక్షం చూపే ఉదాహరణ ఇది.

మూడో వాదం మధ్యేమార్గం. నాకౌట్ ఉండాలి, కానీ దాని ముందో లోపలో మరికొన్ని ఆటలు చేర్చాలి. ఈ పక్షంలోనూ రెండు పాయలున్నాయి. ఒకటి షెన్యాంగ్, హైదరాబాద్ తరహాలో గ్రూపు దశ కావాలంటుంది. రెండోది క్వార్టర్ ఫైనల్ నుంచి నాలుగేసి క్లాసికల్ ఆటలు పెట్టాలంటుంది.

లెక్క ఏం చెబుతోంది?

వాదాలను ఉదాహరణలతో ఎంతైనా సాగదీయవచ్చు. ఒక సాదా లెక్క వేస్తే రెండు పక్షాలూ ఎక్కడ అతిగా మాట్లాడుతున్నాయో తెలుస్తుంది.

రేటింగ్ సూత్రం ప్రకారం 100 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడు వంద ఆటల్లో సుమారు 64 పాయింట్లు రాబట్టాలి. అందులో 39 గెలుపులు, 50 డ్రాలు, 11 ఓటములు అనుకుందాం. రెండు ఆటల మ్యాచ్‌లో అతను నేరుగా నెగ్గే అవకాశం 54 శాతం. నేరుగా ఓడే అవకాశం 12 శాతం. మిగిలిన 34 శాతం టైబ్రేక్. టైబ్రేక్‌లో అతనికి 60 శాతం మొగ్గు ఉందనుకుంటే, మొత్తం మీద గట్టెక్కే అవకాశం 74 శాతం. వినడానికి బాగానే ఉంది. కానీ అలాంటి ఏడు మ్యాచ్‌లు వరసగా నెగ్గాలంటే అవకాశం 12 శాతానికి పడిపోతుంది. అంటే ప్రతి ప్రత్యర్థి కన్నా స్పష్టంగా బలవంతుడైనా ఎనిమిదిసార్లలో ఒక్కసారే కప్ ఎత్తుతాడు.

అదే ఆటగాడికి ప్రతి రౌండ్‌లో నాలుగు ఆటలిస్తే ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం 81 శాతం అవుతుంది, కప్ గెలిచే అవకాశం 23 శాతానికి చేరుతుంది. చివరి మూడు రౌండ్లలో మాత్రమే నాలుగేసి ఆటలు పెడితే 16 శాతం. ఇవి ఊహ మీద కట్టిన అంకెలే. నిజం పోటీలో ప్రత్యర్థులు ఒకేలా ఉండరు. కానీ దిశ మాత్రం ఇదే: ఆటలు పెరిగేకొద్దీ బలం పైకి తేలుతుంది, కానీ ఎన్ని పెంచినా నాకౌట్‌లో అనిశ్చితి పూర్తిగా పోదు.

ఈ లెక్కకు రెండో ముఖమూ ఉంది. పోటీ వట్టి లాటరీ అయితే 206 మందిలో ఒక్కొక్కరికి అర శాతం కూడా అవకాశం ఉండదు. 12 శాతం అంటే దానికి ఇరవై రెట్లు పైనే. కాబట్టి కప్ చీట్ల పందెం అన్న మాట తప్పు. కప్ గెలిచినవాడే అందరికన్నా గొప్ప అన్న మాటా తప్పే. కప్ బలవంతుల గుంపును నమ్మకంగా ఏరుతుంది. ఆ గుంపులో మొదటివారెవరో నమ్మకంగా చెప్పలేదు.

చరిత్ర ఈ మాటకు సాక్ష్యం. 2005 నుంచి 2025 వరకు 11 కప్‌లకు పది మంది విజేతలు. లెవాన్ అరోనియన్ ఒక్కరే రెండుసార్లు, 2005లోనూ 2017లోనూ గెలిచారు. 2005 నుంచి 2023 దాకా కప్ గెలిచిన వారిలో ఎవరూ ఆ దారి గుండా కొత్తగా ప్రపంచ కిరీటం చేరలేదు. కానీ ఇద్దరు గుమ్మం దాకా వెళ్లారు. 2009 విజేత బోరిస్ గెల్ఫాండ్ 2012లో ఆనంద్‌తో, 2015 విజేత సెర్గెయ్ కర్యాకిన్ 2016లో కార్ల్‌సన్‌తో ప్రపంచ మ్యాచ్‌లు ఆడారు. రెండింటిలోనూ 12 క్లాసికల్ ఆటల తర్వాత స్కోరు 6-6. రెండూ ర్యాపిడ్‌లోనే తేలాయి. టైబ్రేక్‌ల మీద వచ్చే విమర్శ ప్రపంచ కప్‌కే కాదు, ప్రపంచ మ్యాచ్‌కూ వర్తిస్తుందని ఈ రెండు స్కోర్లు చెబుతున్నాయి.

తెలుగు ఆటగాళ్ల అనుభవం

ఈ పద్ధతి ఇచ్చింది, తీసుకున్నది రెండూ తెలుగు ఆటగాళ్ల ప్రయాణంలో స్పష్టంగా కనిపిస్తాయి.

మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ 2000 నుంచి చాలా ఏళ్లు నాకౌట్‌గానే సాగింది. 2007లో 2600 రేటింగ్ దాటి, పోల్గార్ తర్వాత ఆ గీత దాటిన మహిళ అనిపించుకున్న హంపి 2004, 2008, 2010 నాకౌట్‌లలో సెమీఫైనల్ దాటలేకపోయారు. చివరి రెండుసార్లూ ఎదురైంది చైనా బాలిక హౌ యీఫాన్. 2011లో తిరానాలో హంపి ప్రపంచ మ్యాచ్ ఆడగలిగింది నాకౌట్ పుణ్యాన కాదు, చాలా ఆటల మీద నిలకడను కొలిచే గ్రాండ్ ప్రీ సిరీస్ వల్ల. రెండో వాదాన్ని బలపరిచే కథ ఇది.

ద్రోణవల్లి హారికది ఇంకో కథ. 2012, 2015, 2017లలో మూడుసార్లు ఆమె ఇదే నాకౌట్‌లో సెమీస్ చేరి కాంస్యాలు గెలిచారు. 2017లో టెహ్రాన్‌లో టాన్ ఝోంగీతో సెమీస్ ఒక్క ఆటతో తేల్చేసే ఆర్మగెడాన్ దాకా వెళ్లింది. ఒత్తిడిలో, టైబ్రేక్‌లలో నిలబడే ఆమె నైపుణ్యానికి నాకౌట్ కన్నా సరైన వేదిక లేదు. ఆ నైపుణ్యం చెస్‌లో భాగం కాదని ఎవరనగలరు?

జూలై 2025లో బతూమీ మహిళల ప్రపంచ కప్ ఈ రెండు కథలనూ ఒకచోట చేర్చింది. 38 ఏళ్ల హంపి ఫైనల్ చేరారు. 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్‌తో రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. ర్యాపిడ్‌లో దివ్య గెలిచి కప్‌తో పాటు గ్రాండ్‌మాస్టర్ హోదా అందుకున్నారు. క్వార్టర్ ఫైనల్లో హారిక కూడా దివ్య చేతిలోనే ఓడారు. ఒక తరం మీదుగా మరో తరం దాటి వెళ్లడానికి నాకౌట్ తలుపు తీసింది.

అందరికన్నా ఎక్కువ చర్చకు వచ్చింది అర్జున్ దారి. డిసెంబర్ 2024 జాబితాలో 2800 దాటి, ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడయ్యారు. బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద వ్యక్తిగత స్వర్ణం గెలిచారు. అయినా ప్రపంచ కప్ ఆయన్ను కాండిడేట్స్‌కు పంపలేదు. 2023లో బాకూలో క్వార్టర్ ఫైనల్ తోటి భారతీయుడు ప్రజ్ఞానందతో. క్లాసికల్‌లో చెరో ఆట. టైబ్రేక్‌ల మీద టైబ్రేక్‌లు నడిచి 5-4తో ప్రజ్ఞానంద గట్టెక్కారు. గోవాలో పీటర్ లేకో, అరోనియన్‌లను దాటి వచ్చి వెయ్ యి దగ్గర ఆగారు. రెండుసార్లూ ఒకే మెట్టు. ఆ మెట్టు మీద నాలుగు క్లాసికల్ ఆటలుంటే ఫలితం మారేదని చెప్పలేం. ఫలితం మీద నమ్మకం మాత్రం పెరిగేది.

మిగిలిన దారులతో పోలిస్తే

కప్‌ను ఒంటరిగా చూస్తే లోపాలే కనిపిస్తాయి. కాండిడేట్స్‌కు దారితీసే మిగతా మార్గాల పక్కన పెట్టి చూడాలి.

నాకౌట్ కప్: ప్రవేశం అందరికన్నా విశాలం. కుమ్మక్కుకు చోటు తక్కువ. కానీ ఆటలు తక్కువ కనుక ఫలితం తొందరగా ఊగుతుంది.

గ్రూపులు, ఆపై నాకౌట్: మొదటి దెబ్బ నుంచి కోలుకునే వీలుంటుంది. కానీ 24 మందికి కుదిరింది 206 మందికి రోజుల్లో ఇమడదు. ఆశ వదులుకున్న ఆటగాళ్ల చివరి ఆటలు ఇతరుల తలరాత మార్చే ముప్పూ ఉంది.

గ్రాండ్ స్విస్: 2019 నుంచి 11 రౌండ్ల స్విస్ పోటీ, అంటే ఓడినవారూ చివరిదాకా ఆడుతూ, తమతో సమంగా పాయింట్లున్న వారిని ఎదుర్కొనే పద్ధతి. ఒక ఓటమి మనిషిని బయటికి నెట్టదు. కానీ అందరికీ సమాన స్థాయి ప్రత్యర్థులు ఎదురవరు. చివరి రౌండ్‌లో ఇద్దరికీ చాలే డ్రాలు ఆపడం కష్టం.

రేటింగ్ చోటు: నిలకడకు ఇంతకన్నా మంచి కొలత లేదు. కానీ కావాలని కట్టిన ఆటలతో దాన్ని పెంచుకోవచ్చు. 2023 చివర్లో అలిరెజా ఫిరూజా కోసం ఫ్రాన్స్‌లో అప్పటికప్పుడు పెట్టిన మ్యాచ్‌లు, 2025లో ఆటల సంఖ్య నింపడానికి హికారు నకమురా అమెరికాలో ఆడిన చిన్న టోర్నీలు పెద్ద చర్చే రేపాయి.

ఫిడే సర్క్యూట్: ఏడాది పొడవునా ఫలితాలు చూస్తుంది. కానీ ఏడాది చివర టోర్నీ పెట్టగల స్థోమత ఉన్న చోటి ఆటగాళ్లకు మొగ్గు. డిసెంబర్ 2023లో చెన్నైలో తక్కువ వ్యవధిలో ఏర్పాటైన టోర్నీలో గుకేశ్, అర్జున్ సమంగా నిలిచారు. టైబ్రేక్ గుకేశ్ వైపు మొగ్గింది. ఆ దారిలో కాండిడేట్స్ చేరిన చెన్నై తెలుగింటి కుర్రాడు మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్ అయ్యారు.

ఏ దారీ మచ్చలేనిది కాదు. ఒకదాని లోపాన్ని మరొకటి పూడుస్తుంది. అన్ని చోట్లూ ఒకే పద్ధతిలో నింపితే ఆ పద్ధతి లోపమే మొత్తం వ్యవస్థ లోపమవుతుంది.

వికారాబాద్, తాండూరు నుంచి చూస్తే

ఈ వాదం గోవాలోనో బాకూలోనో ఆగిపోయేది కాదు. వెడల్పా, పొడవా అన్న ప్రశ్న వికారాబాద్ జిల్లా బడి పిల్లల పోటీలోనూ ఎదురవుతుంది. స్కూల్ గేమ్స్ పోటీలు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి మెట్లు కడతాయి. బలమైన ఆటగాళ్లు హైదరాబాద్‌లో ఎక్కువ కదా, వారినే పంపితే చాలదా అని ఎవరైనా అడగవచ్చు. చిన్న దేశాలకు ప్రపంచ కప్‌లో చోట్లు ఎందుకని అడిగేవారి ప్రశ్న కూడా ఇదే. రెండింటికీ జవాబు ఒక్కటే: చోటు ఉంటేనే ఆట వేళ్లూనుతుంది. తాండూరు కుర్రాడు రాష్ట్ర స్థాయిలో తొలి రౌండ్‌లోనే ఓడినా, మర్నాడు ఊళ్లో బోర్డు ముందు కూర్చునే నలుగురికి కొత్త ప్రమాణం తెచ్చిపెడతాడు.

అయితే వెడల్పు ఇవ్వడంతో పని తీరదు. మార్చి 2024 నుంచి ఫిడే కనీస రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచింది. మొదటి రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవారితో కనీసం ఐదు ఆటలు ఆడాలి. అలాంటి పోటీలు ఎక్కువగా జరిగేది హైదరాబాద్ చుట్టుపక్కలే. సికింద్రాబాద్-వాడి రైలు మార్గం మీదున్న వికారాబాద్, తాండూరు పిల్లలకు ప్రయాణం, బస ఖర్చు అదనం. అంత దూరం వెళ్లిన పిల్లవాడు ఒక్క ఓటమితో వెనక్కి రాకూడదు. అందుకే నేర్చుకునే వయసులో స్విస్ పద్ధతే సరైనది. ఓడినా ఆఖరి రౌండ్ దాకా ఆడతాడు, రౌండ్లు గడిచేకొద్దీ తన స్థాయికి దగ్గరివాళ్లు ఎదురవుతారు. స్థానికంగా పోటీలు పెట్టే బడులు, సంఘాలు సమయం కలిసొస్తుందని నాకౌట్ పెడితే సగం మంది పిల్లలు మొదటి గంటలోనే ప్రేక్షకులవుతారు. ప్రపంచ కప్ చూసి స్ఫూర్తి పొందడం మంచిదే. దాని పద్ధతిని మండల స్థాయికి దింపడం మాత్రం పొరపాటు.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఇప్పటికీ ఉమ్మడి జవాబు లేదు.

మొదటిది, విజేతకు ఏమివ్వాలి? ఒక చాలెంజర్ మ్యాచా, కాండిడేట్స్ చోటా, చోటే అయితే ఎందరికి? రెండోది, దక్కిన చోటును వదులుకుంటే ఏం చేయాలి? 2019లో గెలిచిన తైమూర్ రజబోవ్ మహమ్మారి భయంతో 2020 కాండిడేట్స్ నుంచి తప్పుకున్నారు. ఫిడే ఆయనకు 2022లో చోటిచ్చింది. 2023లో కార్ల్‌సన్ వద్దంటే నాలుగో స్థానం ఆటగాడు పైకొచ్చారు. రెండు సందర్భాల్లో రెండు పరిష్కారాలు. మూడోది, రోజులు. క్వార్టర్ ఫైనల్, సెమీస్, ఫైనల్లో రెండేసి ఆటలు పెంచితే ఆరు రోజులు కావాలి. ఇప్పటికే దాదాపు నెల సాగే పోటీకి ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? గోవాలో బహుమతి మొత్తమే 20 లక్షల డాలర్లు. నాలుగోది, టైబ్రేక్. క్లాసికల్ అర్హతను బ్లిట్జ్ తేల్చడం తప్పని ఒప్పుకున్నా, అందరికీ నచ్చే ప్రత్యామ్నాయం ఇంతవరకు రాలేదు.

ఇవి తేలేలోగా కప్‌ను దేనికి వాడాలో స్పష్టంగా చెప్పుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ప్రపంచ కప్ సింహాసనం కాదు, ద్వారం. ద్వారానికి వెడల్పు కావాలి. 206 మందిని, చిన్న దేశాలను, పేరు లేని కుర్రాళ్లను లోపలికి రానివ్వడం దాని గొప్పతనం. ఆ వెడల్పును తగ్గించకూడదు. కానీ చివరి ఎనిమిది మంది మిగిలాక ప్రశ్న మారుతుంది. అక్కడ తేలాల్సింది రేపటి చాలెంజర్ ఎవరన్నది. ఆ దశలో రెండు ఆటలు చాలవు. మొదట వెడల్పు, చివర పొడవు అన్నది నేడు ఉన్న పద్ధతిలో ఎక్కువ మార్పు లేకుండా సాధించగల సంస్కరణ. ఫైనల్‌కు నాలుగు ఆటలుండటం 2019 దాకా ఉన్న ఆనవాయితీయే. దాన్ని తిరిగి తెచ్చి, క్వార్టర్ ఫైనల్ దాకా పొడిగిస్తే చాలు. ఓడినవారికి కోలుకునే అవకాశమివ్వాలన్నది హైదరాబాద్ కప్ పాటించిన సూత్రం. ఆ పద్ధతి యథాతథంగా తిరిగి రాకపోయినా, ఆ సూత్రం వచ్చే కప్‌లోనైనా చోటు సంపాదించుకోవాలి.